కారు స్టేషన్లో ఉంది!

పెళ్లికెళ్లిన కారు తెల్లారేసరికి వాకిట్లో లేదు. పోలీసుస్టేషను ఆవరణలో వేపచెట్టు కింద ఉంది. తాగింది ఒక్కరు... దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి తిరగాల్సింది మాత్రం ఇల్లంతా! ఆ తాళాలు మళ్లీ చేతికి రావాలంటే ఏం చేయాలి? చట్టం ఏమంటోంది?

రాత్రి పదకొండున్నర. పిడుగురాళ్లలో పెళ్లి విందు ముగించుకుని నరసరావుపేట వైపు వస్తోంది ఓ కారు. అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు... ఆ వేళప్పుడు అక్కడ రాజ్యమంతా లారీలదే. సున్నం బస్తాలవి కొన్ని, సిమెంటువి కొన్ని, మిరపకాయల టిక్కీలతో గుంటూరు యార్డుకు వెళ్లేవి కొన్ని. వెనక దీపాల్లేని ట్రాక్టర్లు సరేసరి. ఊరి పొలిమేరలో అడ్డంగా పెట్టిన బారికేడ్లు, టార్చిలైటు వెలుగు.

‘‘అద్దం దించు. ఇందులో ఊదు.’’

‘‘రెండే సార్... పెళ్లి కదా, కాదనలేకపోయా.’’

ఊదాడు. మిషను కీచుమంది. తెరమీద 96 అన్న అంకె. అంతే! పది నిమిషాల్లో తాళాలు పోలీసుల చేతికెళ్లాయి. కారు స్టేషనుకెళ్లింది. ఆయన స్నేహితుడి బైకు వెనక కూర్చుని ఇల్లు చేరాడు.

అసలు కథ తెల్లారాక మొదలైంది. తల్లికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. భార్య ఫ్లాస్కు, దుప్పటి, ఫైలు సర్దుకుని వాకిట్లోకి వచ్చి చూస్తే... కారు లేదు.

‘‘బండేది?’’

సమాధానం లేదు. ఆటో పిలిచారు. దారిలో స్టేషను ముందు వెళుతుంటే పెద్దావిడ తల బయటికి పెట్టి చూసి, ‘‘ఏమ్మా, అది మన బండి కాదూ?’’ అంది. కోడలు తల తిప్పుకుంది.

ఇది ఏ ఒక్క ఇంటి పేరూ పెట్టి చెబుతున్న కథ కాదు. అనుకుని రాసిన కథే. కానీ నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో... పేర్లు మార్చుకుంటే ఎక్కడైనా జరిగేదే. అందుకే ఆ ఇంటివాళ్లతోపాటే మనమూ ఆ కారు వెంట నడిచి చూద్దాం.

రెండు పెగ్గుల లెక్క

‘రెండే కదా’ అన్నది తాగినవాళ్ల లెక్క. చట్టం లెక్క వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షను ప్రకారం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే బండి నడపడం నేరం. నడిపినవాడు తూలాడా, తిన్నగా నిలబడ్డాడా అన్నదాంతో పనిలేదు. అంకె దాటిందా లేదా... అంతే.

ఈ గీత ప్రపంచమంతా ఒకేచోట లేదు. ఇంగ్లండులో అది 80. స్కాట్లండు 2014లో 50కి దించింది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 80 ఉంటే, ఉటా రాష్ట్రం ఒక్కటీ 2018 చివర్లో 50 చేసింది. స్వీడన్‌లో 20 మాత్రమే. అంటే ఈ విషయంలో మన చట్టం కాస్త గట్టిదే. మనిషి బరువు, తిన్న తిండి, తాగిన వేగాన్ని బట్టి మారుతుంది కానీ, కొందరికి ఒక్క పెగ్గుతోనే ముల్లు 30 దగ్గరకు వచ్చేస్తుంది.

ఇంకో పెద్ద అపోహ... పొద్దున్నకల్లా దిగిపోతుందని. రక్తంలోని ఆల్కహాలును కాలేయం తన తీరికను బట్టే విరగ్గొడుతుంది. గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. రాత్రి పదకొండింటికి 150 ఉన్న మనిషికి, ఉదయం ఆరింటికి ఇంకా 45 ఉంటుందన్నమాట. మజ్జిగ తాగినా, నిమ్మకాయ చప్పరించినా, కాఫీ మీద కాఫీ కొట్టినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. నిద్ర మత్తు పోతుందేమో కానీ అంకె మాత్రం దాని దారిన అది దిగాల్సిందే. కార్తికమాసంలో తెల్లవారుజామున కోటప్పకొండకు బయల్దేరేవాళ్లు, ముందు రోజు రాత్రి విందుకెళ్లి ఉంటే ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఊదనంటే పోదా? పోదు. 203వ సెక్షను శ్వాస పరీక్ష చేసే అధికారాన్ని పోలీసులకు ఇస్తోంది. సరైన కారణం లేకుండా కాదంటే, ఆ నిరాకరణే కోర్టులో మనకు వ్యతిరేకంగా నిలబడుతుందని 205వ సెక్షను చెబుతోంది. అలాగని హక్కులన్నీ ఒకవైపే లేవు. 202వ సెక్షను కింద తాగి నడిపాడని ఎవరినైనా అరెస్టు చేస్తే, రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి. చేయించలేకపోతే వదిలిపెట్టాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తాగింది మనిషి... పట్టుకున్నది బండిని!

ఇక్కడే అసలు ప్రశ్న. తాగింది డ్రైవరు కదా, బండినెందుకు పట్టుకున్నట్టు?

మోటారు వాహనాల చట్టంలో బండిని నిర్బంధించే అధికారం 207వ సెక్షనులో ఉంది. రిజిస్ట్రేషను లేకపోయినా, లైసెన్సు లేకుండా నడిపినా, పర్మిట్ లేకపోయినా ఆ సెక్షను వర్తిస్తుంది. తాగి నడపడం అన్న మాట అందులో లేదు. 202వ సెక్షను మాత్రం, డ్రైవరును అరెస్టు చేసినప్పుడు ఆ బండిని తాత్కాలికంగా ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంచే ఏర్పాటు చేయమంటోంది. నడిరోడ్డు మీద వదిలేసి పోలేరు కదా!

ఈ రెంటి మధ్య తేడా మీదే హైదరాబాద్‌లో పెద్ద చర్చ జరిగింది. డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో పట్టుకున్న తమ బండ్లను ఇవ్వడం లేదంటూ పలువురు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఆ పిటిషన్లన్నింటినీ కలిపి విన్న జస్టిస్ కె.లక్ష్మణ్ 2021 నవంబరులో తీర్పు చెప్పారు. తాగి నడిపారన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదన్నది దాని సారాంశం. మరేం చేయాలో కూడా వరసగా చెప్పారు.

తాగిన మనిషిని ఎట్టి పరిస్థితుల్లోనూ బండి నడపనివ్వకూడదు. కారులోనే తాగనివాళ్లు, లైసెన్సు ఉన్నవాళ్లు మరొకరుంటే వారిని నడుపుకుని వెళ్లనివ్వాలి. ఎవరూ లేకపోతే బంధువులకో, స్నేహితులకో కబురుచేసి రప్పించాలి. ఎవరూ రాకపోతేనే బండిని దగ్గర్లోని స్టేషనుకో, భద్రమైన చోటుకో తరలించాలి. తర్వాత యజమాని గానీ, ఆయన పంపిన మనిషి గానీ ఆర్‌సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చేయాలి. కేసు నడపాలనుకుంటే, బండిని తీసుకున్న మూడు రోజుల్లోగా మేజిస్ట్రేటు ముందు అభియోగపత్రం వేయాలి.

అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. 2019 జనవరి 1 నుంచి రెండు తెలుగు రాష్ట్రాలకూ హైకోర్టులు వేరు. తెలంగాణ తీర్పు పల్నాడులో శాసనం కాదు. కానీ చట్టం రెండుచోట్లా ఒకటే కాబట్టి, ఇక్కడి కోర్టులోనూ న్యాయవాది ఆ తీర్పును ఉదహరించి అడగొచ్చు. రోడ్డు మీద పోలీసులతో వాదనకు దిగడానికి మాత్రం అది పనికిరాదు. ఆ క్షణంలో పనికొచ్చేది ఒకటే... తాగని తమ్ముడికో, బావమరిదికో చేసే ఫోను. మన కథలోని ఆయన ఆ ఫోను చేయలేదు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందనుకున్నాడు. ఆ పరువు తెల్లారి స్టేషను ముందు వేపచెట్టు కింద అందరికీ కనబడింది!

కాగితం తీసుకోండి

బండి స్టేషనుకు వెళ్లక తప్పనప్పుడు తాళాలు ఇచ్చేసి ఊరుకోకూడదు. ఎక్కడ, ఎన్నింటికి, ఏ కేసు కింద తీసుకున్నారో రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. బండిలో ఏమేం ఉన్నాయో... స్టెప్నీ, జాకీ, స్టీరియో, డిక్కీలోని సామాను... అందులో రాయించాలి. కిలోమీటర్ల మీటరు, నాలుగు వైపులా బండి రూపం సెల్‌ఫోనులో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. డబ్బు, నగలు, ఆసుపత్రి కాగితాలు ఉంటే అక్కడికక్కడే బయటికి తీసుకోవాలి.

మన కథలో ఆ జాగ్రత్త లేకపోయింది. పెద్దావిడ మందుల చీటీ కారు డాష్‌బోర్డులోనే ఉండిపోయింది. కోడలు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్లింది. ‘‘సారూ, మా అత్తమ్మ మందుల కాగితం అందులో ఉంది’’ అంటే రైటరు చీటీ తీసి ఇచ్చాడు. ‘‘బండి కావాలంటే ఆర్‌సీలో పేరున్నాయన రావాలమ్మా’’ అన్నాడు.

గోరుచుట్టుపై రోకటిపోటు! ఆ కారు రెండేళ్ల కిందట మిర్యాలగూడలో కొన్న సెకండ్ హ్యాండ్ బండి. డబ్బిచ్చారు, సంతకాల కాగితాలు తెచ్చుకున్నారు. ఆర్‌సీ పేరు మార్పించడం మాత్రం ‘ఇవాళా రేపూ’ అంటూ వాయిదా పడింది. కాగితాల ప్రకారం ఆ బండి ఇప్పటికీ కృష్ణకు అవతలి మనిషిదే.

ఇలాంటి బండ్లు ఊరూరా ఉన్నాయి. అన్న పేరున ఉన్నవి, చనిపోయిన తండ్రి పేరున ఉన్నవి, అమ్మేసి ఊరొదిలి వెళ్లిన మనిషి పేరున ఉన్నవి. బండి కొన్నవాళ్లు 30 రోజుల్లోగా రవాణాశాఖకు తెలిపి పేరు మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టంలో 50వ సెక్షను చెబుతోంది. ఆ పని చేయనందుకు ఇంతకాలం పెద్దగా ఇబ్బంది కనిపించదు. బండి స్టేషన్లో ఉన్నరోజే కనిపిస్తుంది. అమ్మినవాళ్లకూ ప్రమాదమే. ఎవరో తాగి ఎవరినో గుద్దితే పోలీసులు మొదట వచ్చేది ఆర్‌సీలో పేరున్నవాళ్ల ఇంటికే.

కోర్టు మెట్లు

హెల్మెట్ లేదనో, సిగ్నల్ దాటామనో చలానా వస్తే డబ్బు కట్టి వదిలించుకోవచ్చు. తాగి నడిపిన కేసు అలా కాదు. అక్కడికక్కడే రాజీ జరిమానాతో ముగిసే నేరాల జాబితాలో 185వ సెక్షను లేదు. నరసరావుపేట అయినా, గురజాల అయినా, మాచర్ల అయినా... మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే.

2019 సెప్టెంబరు 1కి ముందు మొదటిసారి దొరికితే 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. చట్టాన్ని సవరించాక జరిమానా 10 వేలకు పెరిగింది. రెండోసారి దొరికితే 15 వేల జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. డబ్బుతో పోదు... 20వ సెక్షను ప్రకారం, ఈ నేరం రుజువైతే కనీసం 6 నెలలపాటు బండి నడిపే అర్హత లేకుండా కోర్టు ఆదేశించాలి. డ్రైవింగే బతుకుతెరువైనవాళ్లకు జరిమానా కంటే ఇదే పెద్ద దెబ్బ.

హైదరాబాద్‌లో అయితే కోర్టుకు ముందు ఇంకో మెట్టు ఉంది. దొరికినవాళ్లను ట్రాఫిక్ శిక్షణ కేంద్రానికి పిలిచి కౌన్సెలింగ్ ఇస్తారు. ఒంటరిగా కాదు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రావాలి. భార్యాపిల్లల ముందు కూర్చోబెట్టి రోడ్డు ప్రమాదాల దృశ్యాలు చూపిస్తుంటే తలెత్తి చూడలేనివాళ్లే ఎక్కువట. ఆ నగరం దానికి తగిన దెబ్బలు తిన్నది మరి. 2016 జులై 1న పట్టపగలు, తాగిన కుర్రాళ్లు నడిపిన కారు డివైడరు దాటి అవతలివైపు వస్తున్న ఓ కుటుంబం కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న చిన్నారితో సహా ఆ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

తుప్పు పట్టకముందే...

ఏ పోలీసుస్టేషను ఆవరణలోనైనా చూడండి. చక్రాల్లో గాలి పోయి, అద్దాల మీద దుమ్ము పేరుకుని, లోపల గడ్డి మొలిచిన బండ్లు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఒకనాడు ఎవరో వాయిదాలు కట్టి ముచ్చటపడి కొనుక్కున్నవే.

దీని గురించి సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 1న ఓ తీర్పు ఇచ్చింది. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసుగా న్యాయవాదులకు బాగా తెలిసిన పేరు అది. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచడంవల్ల ఎవరికీ లాభం లేదు, ఫొటోలు తీసి, పంచనామా రాసి, తగిన పూచీకత్తు తీసుకుని వెంటనే యజమానికి అప్పగించండి... అని మేజిస్ట్రేట్లకు చెప్పింది. ఎవరూ రాని బండ్లను వేలం వేయించవచ్చనీ చెప్పింది.

ఇరవై ఏళ్లు దాటినా వాహనం విడుదలకు వేసే ప్రతి పిటిషన్‌లోనూ ఆ తీర్పు పేరు కనిపిస్తుంది. అప్పట్లో ఈ పిటిషన్లు నేర శిక్షాస్మృతిలోని 451, 457 సెక్షన్ల కింద వేసేవారు. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఇప్పుడవి 497, 503 సెక్షన్లు. కొత్త చట్టం గడువులు కూడా పెట్టింది. ఆస్తిని కోర్టు ముందుంచిన 14 రోజుల్లో దాని వివరాల జాబితా తయారుచేయాలి, ఫొటోలు, వీడియో తీయించాలి. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి.

పిటిషన్‌తోపాటు ఏం కావాలి? ఆర్‌సీ, బీమా కాగితం, కాలుష్య ధ్రువపత్రం, యజమాని ఆధార్ లాంటి గుర్తింపు పత్రం. బండిని ఇంటికి తోలుకెళ్లేవాళ్లకు లైసెన్సు. ఆపైన కోర్టు చెప్పిన మొత్తానికి పూచీకత్తు. కేసు తేలేదాకా బండిని అమ్మబోమనీ, రంగూ రూపూ మార్చబోమనీ, పిలిచినప్పుడు తెచ్చి చూపిస్తామనీ రాసివ్వాలి.

వింతేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇదే గొడవ ప్రపంచానికి ఆ చివరా నడిచింది. న్యూయార్క్ నగరంలో 1999 నుంచి తాగి నడుపుతూ మొదటిసారి పట్టుబడినా సరే కారు లాగేసుకునేవారు. కేసు తేలేదాకా ఇచ్చేవారు కాదు. వేరొకరు తాగి నడిపినా, నష్టం యజమానిదే. 2002 సెప్టెంబరులో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, అలా కుదరదు, బండి పోయినవాళ్ల మొర వెంటనే వినాల్సిందేనంది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి సోనియా సోటోమేయర్. తర్వాత 2009లో ఆమె అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఢిల్లీ అయినా, న్యూయార్క్ అయినా... రోజూ పనికి వెళ్లడానికీ, ఆసుపత్రికి వెళ్లడానికీ కారు కావాల్సిన మనుషుల కష్టం ఒక్కటేనని వారంలోపు తేడాతోనే రెండు కోర్టులూ గుర్తించాయన్నమాట.

‘ఏం కాదు పోనీయ్ మావా!’

విందులో ఈ మాట అనేవాళ్లు ఒకరు తప్పకుండా ఉంటారు. ‘ఇంకొక్కటి వేసుకో, ఈ రోడ్డు నీకు కొత్తా?’ అంటారు. పల్నాటి గడ్డ మీద పంతాలకు కొదవ లేదు. కోడిపందెంలో ఓడి రాజ్యం వదిలి వెళ్లినవాళ్ల కథ చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లమే. పెగ్గు పందెం కూడా అలాంటిదే.

ఆ మాట అన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సెక్షను ఒకటుంది... 188. తాగి నడపడానికి ప్రోత్సహించిన వారికీ, తాగిన మనిషికి తెలిసి సాయపడిన వారికీ అదే శిక్ష వర్తిస్తుంది. తూలుతున్న స్నేహితుడి చేతిలో మన కారు తాళాలు పెట్టడం స్నేహధర్మం కాదు, నేరంలో భాగం.

బీమా ఉందిగా అనుకుంటే అదీ పొరపాటే. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఖరీదైన పోర్షె కారు ఒకటి గుద్దుకుని కాలిపోయింది. ఆ పరిహారం గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్‌లో కోర్టు, మద్యం ప్రభావంలో నడిపినప్పుడు కారుకు జరిగిన నష్టాన్ని బీమా సంస్థ చెల్లించనక్కర్లేదంది. శ్వాస పరీక్ష కాగితం లేకపోయినా, ఇతర పరిస్థితులను బట్టి తాగి ఉన్నట్టు నిర్ధారించవచ్చనీ చెప్పింది. పాతిక వేలు ప్రీమియం కట్టినా, యాభై వేలు కట్టినా... ఆ రాత్రికి అది చిత్తుకాగితమే.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లకు ఇంకో సంగతి. అమెరికాలో తాగి నడుపుతూ అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దుచేసే అధికారం అక్కడి విదేశాంగశాఖకు ఉంది. 2015 నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. ఉన్నచోట ఉన్నంతకాలం ఫర్వాలేదనిపిస్తుంది. చెల్లెలి పెళ్లికి నరసరావుపేట వచ్చి తిరిగి వెళ్లాలంటే మాత్రం కొత్త వీసా కోసం మొదటినుంచీ మొదలుపెట్టాలి. వైద్య పరీక్షలూ, సంజాయిషీలూ, ఎదురుచూపులూ... ఈలోగా ఉద్యోగం ఆగుతుందో లేదో!

కారు ఇంటికొచ్చింది

మళ్లీ మన కథలోకి వద్దాం. మిర్యాలగూడ మనిషికి కబురెళ్లింది. మొదట విసుక్కున్నాడు. ‘‘రెండేళ్ల కింద అమ్మిన బండికి నేనెందుకు తిరగాలి?’’ అన్నాడు. పెద్దావిడ సంగతి చెప్పాక మెత్తబడ్డాడు. ఒకరోజు పని మానుకుని, పొద్దున్నే బస్సెక్కి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి వచ్చాడు. ఆయన పేరుమీదే పిటిషను వేశారు. పూచీకత్తు మీద ఆయనే సంతకం పెట్టాడు. పోతూపోతూ, ‘‘కేసు అయిపోంగనే పేరు మార్పించుకో తమ్మీ. నాకు మళ్లీ ఫోన్ రావొద్దు’’ అని గట్టిగా చెప్పి వెళ్లాడు.

కోర్టులో మేజిస్ట్రేటు అడిగితే, తాగానని ఆయన ఒప్పుకున్నాడు. 10 వేల జరిమానా కట్టాడు. అది ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లే. ప్లీడరు ఫీజు, మిర్యాలగూడ నుంచి రానూపోనూ ఖర్చులు, దుకాణం మూసిన రోజులు, నాలుగుసార్లు ఆసుపత్రికి ఆటో... భార్య క్యాలెండరు వెనక రాసిన లెక్క జరిమానాకు రెండింతలు దాటింది. ఆ రాత్రి పిడుగురాళ్ల నుంచి రావడానికి ఓ డ్రైవరును పెట్టుకుని ఉంటే వెయ్యి రూపాయలతో పోయేది.

పదమూడో రోజున కారు ఇంటికొచ్చింది. బ్యాటరీ దిగిపోయింది, ముందు చక్రంలో గాలి లేదు. వేపాకులు, పిట్టల రెట్టలు. మెకానిక్కు వచ్చి స్టార్ట్ చేశాడు. కడిగారు. కుంకుమ పెట్టారు. మర్నాడు పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు గుర్తొచ్చింది... కారుంది, నడిపే మనిషి లేడు! ఆరు నెలలు ఆయన స్టీరింగు పట్టుకోవడానికి లేదు.

ఇల్లు రెండు రోజులు మౌనంగా ఉంది. మూడో రోజు కోడలు ఆధార్ కార్డు జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకుని రవాణాశాఖ కార్యాలయానికి బయల్దేరింది. రోడ్డు గుర్తుల పరీక్ష రాసి లెర్నర్ లైసెన్సు తెచ్చుకుంది. అది చేతికొచ్చిన 30 రోజులకు అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లొచ్చు. అప్పటిదాకా పక్కసీట్లో లైసెన్సున్న మనిషి కూర్చుని నేర్పాలి. మొగుడు పనికిరాడు. ఎదురింటి కుర్రాడు ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ కారు అద్దం మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం. ఉదయం ఆరుంపావుకే బయల్దేరుతుంది. స్టీరింగు ముందు ఆమె, పక్కన ఎదురింటి కుర్రాడు. వెనక సీట్లో తల్లి, ఆమె పక్కన ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని ఆయన. స్టేషను దగ్గరికి రాగానే గేరు మార్చడంలో బండి కాస్త ఎగిరిపడుతుంది.

‘‘నిదానంగా పోనీయ్ అమ్మా, తొందరేం లేదు’’ అంటుంది పెద్దావిడ.

తాళాలు ఇప్పుడు ఆయన జేబులో ఉండవు. వంటింటి గుమ్మం పక్కన, క్యాలెండరు తగిలించిన మేకుకే ఉంటాయి. వచ్చే నెలలో దాచేపల్లిలో మరో పెళ్లి ఉంది. ఆ తేదీ కింద ఆమె పెన్సిలుతో రాసిపెట్టింది... ‘రాత్రికి డ్రైవరు’ అని.